వేడెక్కితే సెల్ఫ్ తిరగట్లేదు, 383 స్ట్రోకర్, 11:1 కంప్రెషన్, మూడో స్టార్టర్‌తో కూడా అదే కథ

నోవా72_ఫ్రిస్కో:

నమస్తే అందరికీ, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఉండేది ఫ్రిస్కో, టెక్సస్. మూడేళ్ళ నుంచి గ్యారేజ్‌లో 1972 షెవీ నోవా ఒకటి కెలుకుతున్నా. 350 క్యూబిక్ అంగుళాల బ్లాకే, 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) బోర్ కొట్టించి 3.75 అంగుళాల స్ట్రోక్ క్రాంక్ వేయించి 383 స్ట్రోకర్ (స్ట్రోక్ పెంచిన ఇంజన్) చేయించా. అల్యూమినియం హెడ్స్, కంప్రెషన్ 11.2:1, క్యామ్ కూడా కాస్త పెద్దదే, లాంగ్ ట్యూబ్ హెడర్స్ (పొగ బయటికి పోయే పొడుగు గొట్టాలు), గేర్‌బాక్స్ టర్బో 350 ఆటోమేటిక్. 93 ఆక్టేన్ పోస్తున్నా. పరిగెడితే మాత్రం ఇంక చెప్పక్కర్లేదు, ఆ సౌండ్‌కి వీధి చివరింట్లో కుక్క కూడా లేచి నిలబడుద్ది.

గొడవంతా సెల్ఫ్‌తోనే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పితే రెండు రౌండ్లలో అందుకుంటుంది. ఓ ఇరవై నిమిషాలు తిప్పి ఆపి అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ కొడితే ఊఁ... ఊఁ... అని మూలుగుతుంది, ఒక్కోసారి కంప్రెషన్ మీదకి వచ్చి అక్కడే ఆగిపోతుంది, ఒక్కోసారి ఖట్‌మని వెనక్కి తన్నినట్టు సౌండ్ వస్తుంది. నలభై నిమిషాలు బానెట్ ఎత్తి వదిలేస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతుంది.

ఇప్పటికి మూడు స్టార్టర్లు మార్చా. మొదటిది బండితో వచ్చిన పాత డెల్కో టైపు, బరువే ఓ బస్తా. రెండోది హై టార్క్ అని చెప్పి అంటగట్టారు, చూడ్డానికి అదే సైజు. ఆ రెండింటికీ వేడి మీద ఒక్కోసారి టక్ అన్న సౌండ్ తప్ప ఇంకేం వచ్చేది కాదు. ఎవరో చెప్తే ఫోర్డ్ టైపు సోలినాయిడ్ (స్టార్టర్‌కి కరెంటు కలిపే మాగ్నెట్ స్విచ్) ఒకటి ఫెండర్ మీద పెట్టా, టక్ ప్రాబ్లం పోయింది కానీ మూలుగు పోలేదు. మూడోది ఇప్పుడున్నది, గేర్ రిడక్షన్ మినీ, పర్మనెంట్ మాగ్నెట్ రకం. కాస్త మెరుగు అంతే, పైగా కొత్తగా ఇంకో రోగం, స్టార్ట్ అయ్యాక తాళం వదిలినా ఒక క్షణం కీఁచ్ అని అరిచి అప్పుడు వదుల్తుంది. బ్యాటరీ డిక్కీలో ఉంది, ఇంజన్ కట్టిన షాపు వాళ్ళే అక్కడికి మార్చారు. అదే షాపుని అడిగితే ఇంకా పెద్ద స్టార్టర్ వేద్దాం 400 డాలర్లు అంటున్నారు.

పోయిన ఆదివారం పరువు పోయింది. అత్తగారు మామగారు గుంటూరు నుంచి వచ్చారు, సరదాపడి ఈ బండిలో ఫ్రిస్కో హనుమాన్ గుడికి తీసుకెళ్ళా. వచ్చేటప్పుడు 121 హైవే పక్కన గ్యాస్ (పెట్రోలు) కొట్టించుకోడానికి ఆపా, అంతే. బయట 104 ఫారన్‌హీట్, నోవాలో ఏసీ లేదు, అత్తగారు వెనక సీట్లో ప్రసాదం డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు. అది తిట్టినదానికంటే ఘోరంగా ఉంది. మామగారు ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరయ్యారు, ఆయన దిగి డిక్కీ తీయించి కేబుళ్ళు అక్కడా ఇక్కడా చేత్తో పట్టుకుని చూసి "ఈ లగ్గు కాలిపోతోంది బాబూ" అన్నారు (లగ్గు అంటే కేబుల్ చివర బోల్టు వేసే తొడుగు). ఎండకి అన్నీ కాలుతున్నాయిలెండి మామయ్యగారూ అనేశా.

ఆ 400 పెట్టమంటారా వద్దా? పెడితే ఏది తీసుకోవాలి?

టర్బో_తమ్ముడు:

బ్రో సింపుల్, బ్యాటరీ వీక్. 1000 సీసీఏ (బ్యాటరీ పవర్ రేటింగ్) ఉన్నది వేసెయ్, దెబ్బకి సెట్. నా సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ కారుకి అదే చేశా.

ఆటోనగర్_ఎలక్ట్రిక్:

బాబూ నేను బెజవాడ ఆటోనగర్‌లో పాతికేళ్ళుగా సెల్ఫులు, డైనమోలు కడుతున్నాను. మీ అమెరికా బండి నేను చూడలేదు కానీ సెల్ఫు ఎక్కడైనా సెల్ఫే.

ముందు ఒక మాట, మీ మామగారు అన్నదే అసలు పాయింటు, మీరు ఎండ అని కొట్టిపారేశారు. ఎండకి కాలితే అన్నీ ఒకేలా కాలాలి కదా. సెల్ఫ్ కొట్టాక ఒక లగ్గు మాత్రం పక్కదానికంటే ఎక్కువ కాలుతోందంటే అక్కడ కరెంటు నలుగుతోందని. మా దగ్గర మీటరు తర్వాత, ముందు చెయ్యే. లారీ వస్తే కుర్రాడిని పది సెకన్లు సెల్ఫ్ కొట్టమంటాం, నేను బ్యాటరీ దగ్గర్నుంచి సెల్ఫు దాకా ఒక్కో జాయింటూ తడుముకుంటూ వెళ్తా, ఎక్కడ చురుక్కుమంటే అక్కడ విప్పుతా. పది బళ్ళల్లో ఆరింటికి సెల్ఫు దింపే పనే ఉండదు. లారీకి 24 వోల్టులు కాబట్టి అదే పనికి సగం కరెంటు సరిపోద్ది, మీది 12, అంటే జాయింటు ఇంకా శుభ్రంగా ఉండాలి.

రెండోది, ఆ తీసేసిన రెండు సెల్ఫులు పారేయకుండా ఉంటే విప్పి ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) చూడండి. పక్కన ఒకచోట గీకినట్టు మెరుస్తోందంటే బుష్షులు అరిగి ఆర్మేచరు చుట్టూ ఉండే ఫీల్డ్ షూలకి రాసుకుంటున్నట్టు, వేడెక్కితే ఇంకా పట్టేస్తుంది, ఊఁ ఊఁ అని మూలిగేది అదే. మెరుపు లేదు, బ్రష్షులు అరగకుండా నిండుగా ఉన్నాయి అంటే ఆ సెల్ఫుల్లో లోపం లేదు, లోపం బయట ఉంది.

పెద్ద బ్యాటరీ వేయమన్న తమ్ముడికి, నీళ్ళ ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు అరంగుళం అయితే బకెట్టు ఎప్పుడు నిండేను.

కాస్ట్‌ఐరన్_350:

ఖట్‌మని వెనక్కి తన్నడం అన్నారు చూడండి, అది చదవగానే నా మోకాలు గుర్తొచ్చింది 😂 మా నాన్నగారి పాత బుల్లెట్ నా దగ్గరుంది, హైదరాబాద్‌లో. ఒకసారి పాయింట్లు నేనే సెట్ చేసి టైమింగ్ ఎక్కువ అడ్వాన్స్ (స్పార్క్ మరీ ముందే వచ్చేట్టు) పెట్టేశా, యూట్యూబ్ చూసి వచ్చిన తెలివి. ఆమీటర్ ముల్లు మధ్యకి తెచ్చి, డీకంప్రెషన్ లివర్ పట్టి పిస్టన్‌ని కాస్త దాటించి, అంతా పద్ధతిగానే కిక్ కొట్టా. కిక్ రాడ్ సగం దిగాక ఎవరో కిందనుంచి సుత్తితో కొట్టినట్టు వెనక్కి వచ్చింది, పాదం నుంచి మోకాలు దాకా జివ్వుమంది, వారం కుంటుకుంటూ తిరిగా. అక్కడ తన్ను తిన్నది నా కాలు, మీ బండిలో అదే తన్ను స్టార్టర్ తింటోంది. టైమింగ్ ఎంత పెట్టారో చెప్పండి ముందు.

నోవా72_ఫ్రిస్కో:

టైమింగ్ ఇనీషియల్ (మొదట్లో ఉండేది) 20 డిగ్రీలు, టోటల్ (స్పీడు పెరిగాక) 36. షాపులో సెట్ చేసిందే, నేను ముట్టుకోలేదు. పెద్ద క్యామ్ కదా ఐడిల్ నిలబడాలంటే అంత కావాలన్నారు. పెద్ద క్యాప్ హెచ్‌ఈఐ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది). వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్చుడుతో టైమింగ్ ముందుకి జరిపేది) గొట్టం పీకేసి మూతి బిగించేశారు, పర్ఫార్మెన్స్ ఇంజన్‌కి అది అనవసరం అని.

హ్యూస్టన్_క్వార్టర్‌మైల్:

బ్రో ఆ 400 డాలర్లు జేబులోనే పెట్టుకో. నేను పన్నెండేళ్ళుగా స్మాల్ బ్లాక్ షెవీలతోనే రేస్ చేస్తున్నా, 13:1 ఇంజన్‌ని కూడా మామూలు గేర్ రిడక్షన్ మినీతోనే తిప్పా. నీ బండిలో ఒకటి కాదు మూడు జబ్బులు కలిసి ఉన్నాయి, అందుకే ఏ ఒక్కటి మార్చినా సగమే తగ్గుతోంది.

మొదట టైమింగ్. స్టార్టర్ తిప్పేటప్పుడు ఇంజన్ స్పీడు 200 ఆర్‌పీఎం అనుకో, అంటే మిల్లీసెకనుకి 1.2 డిగ్రీలే తిరుగుతోంది. నువ్వు టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) 20 డిగ్రీల ముందు స్పార్క్ ఇచ్చావంటే పిస్టన్ పైకి చేరడానికి ఇంకా దాదాపు 17 మిల్లీసెకన్లు ఉంది. అదే 3000 దగ్గర 36 డిగ్రీలు ఇచ్చినా రెండు మిల్లీసెకన్లే. మంట అంటుకుని ప్రెజర్ పెరగడానికి 17 మిల్లీసెకన్లు చాలా చాలా ఎక్కువ, పిస్టన్ ఇంకా పైకెక్కుతుండగానే పైనుంచి తోసేస్తుంది. కేబుల్ వీక్ అయ్యి 120 ఆర్‌పీఎంకి పడిపోయిందనుకో, 28 మిల్లీసెకన్లు, ఇంకా దారుణం. చూశావా, మెల్లగా తిరిగితే తన్నుద్ది, తన్నితే ఇంకా మెల్లగా తిరుగుద్ది. చల్లగా ఉన్నప్పుడు మిక్స్చర్ సరిగ్గా అంటుకోదు కాబట్టి మొదటి రెండు రౌండ్లు తన్ను తెలీదు, వేడి మీద మొదటి స్పార్క్‌కే అంటుకుంటుంది. అందుకే నీకు వేడి మీదే వస్తోంది.

ఇది నిజమో కాదో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. బండి బాగా వేడెక్కాక ఆపు, డిస్ట్రిబ్యూటర్ మీద బ్యాట్ అని రాసి ఉండే చోట పింక్ వైరు పీకేయ్, ఇప్పుడు సెల్ఫ్ కొట్టు. స్పార్క్ లేదు కాబట్టి తన్నే ప్రసక్తే లేదు. అప్పుడు హాయిగా గిరగిరా తిరిగితే దోషం టైమింగ్‌ది, అప్పుడు కూడా మూలిగితే దోషం కరెంటుది. కొంచెం కొంచెం రెండూ ఉంటే రెండూ.

ఇంకోటి, స్టార్టర్ వెనక చివర బ్లాక్‌కి పట్టి ఉండే చిన్న ఇనప బ్రాకెట్ ఉందా నీ బండికి? ఉండదు, నాకు తెలుసు, ఇంజన్ దింపినప్పుడల్లా మొదట పోయేది అదే. ఈ తన్నుళ్ళకి రెండు బోల్టులే ఆధారం అయితే స్టార్టర్ ముక్కు పగలడం ఒక ఎత్తు, బ్లాక్‌లో బోల్టు పట్టే చెవి విరగడం ఇంకో ఎత్తు. నాకు ఒక బ్లాక్ అలా పోయింది. స్టార్టర్ పోతే రెండొందలు, బ్లాక్ పోతే మెషిన్ షాప్ బిల్లు చూసి ఇంట్లో మాటలు బంద్. ఆ బోల్టులు కూడా హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలువి పెట్టకు, స్టార్టర్ బోల్టులకి నడుం దగ్గర గళ్ళు గళ్ళుగా ఉంటుంది, స్టార్టర్ కదలకుండా పట్టి ఉంచేది ఆ గళ్ళే.

మాగ్నెటో_మూర్తి:

పైన ఇద్దరూ చెప్పింది కరెక్టే, నేను లెక్క వేసి చూపిస్తా ఎందుకంటే నాకు వేరే పని రాదు.

నోవా72 గారూ, డిక్కీ నుంచి వచ్చే కేబుల్ గేజ్ (లావు, నంబరు తగ్గేకొద్దీ లావెక్కువ) ఎంత? చాలామంది 4 గేజ్ వేస్తారు, లావుగానే కనిపిస్తుంది, మోసం అక్కడే. 4 గేజ్ రాగి తీగ రెసిస్టెన్స్ వెయ్యి అడుగులకి సుమారు 0.25 ఓమ్. డిక్కీ నుంచి స్టార్టర్ దాకా 16 అడుగులు అనుకుంటే 4 మిల్లీఓమ్. స్టార్టర్ 350 యాంప్‌లు లాగితే 1.4 వోల్ట్ దారిలోనే హరీ. అదే 1/0 వెల్డింగ్ కేబుల్ వేస్తే వెయ్యి అడుగులకి 0.1 ఓమ్, అంటే అదే 16 అడుగులకి 0.55 వోల్ట్. ఇది ఒక్క పాజిటివ్ వైపు మాత్రమే, ఎర్త్ వైపు కథ వేరే ఉంది.

నోవా నిర్మాణం ఎంతమందికి గుర్తుందో తెలీదు, 68 నుంచి 74 దాకా వచ్చిన నోవాల్లో వెనక భాగం అంతా యూనిబాడీ (బాడీ, ఫ్రేము ఒకటే), ముందు మాత్రం సబ్‌ఫ్రేమ్ విడిగా బోల్టులతో బిగిస్తారు, మధ్యలో రబ్బరు బుష్‌లు. ఆ సబ్‌ఫ్రేమ్ మీద ఇంజన్, మధ్యలో మళ్ళీ రబ్బరు మౌంట్‌లు. బ్యాటరీ నెగటివ్‌ని డిక్కీలో బాడీకి బోల్టు వేసి వదిలేస్తే ఆ 350 యాంప్‌లు బాడీ నుంచి ఇంజన్‌కి ఎలా రావాలి? రబ్బరులోంచి రాదు కదా. ఫైర్‌వాల్ దగ్గర చిన్న జడ లాంటి స్ట్రాప్ ఒకటి ఉంటుంది, అది రేడియోకీ లైట్లకీ పెట్టింది, మొత్తం భారం దానిమీద పడుతుంది. ఆ స్ట్రాప్ కూడా లేకపోతే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ లోంచో గేర్ కేబుల్ లోంచో దారి వెతుక్కుంటుంది, ఎర్త్ లేక కేబుల్ కవరు కరిగిన బండి నేను చూశా.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. రాగి రెసిస్టెన్స్ డిగ్రీ సెల్సియస్‌కి 0.39 శాతం పెరుగుతుంది. హెడర్ పక్కన ఉన్న సోలినాయిడ్ 25 నుంచి 125 డిగ్రీలకి వెళ్ళిందంటే దాని కాయిల్ రెసిస్టెన్స్ దాదాపు 40 శాతం ఎక్కువైనట్టు, దాంతో కరెంటు తగ్గి లాగే బలం కూడా తగ్గుతుంది. మీ మొదటి రెండు స్టార్టర్లకి టక్ అని ఆగిపోయింది అందుకే, తాళం నుంచి న్యూట్రల్ స్విచ్ మీదుగా వచ్చే ఆ పర్పుల్ వైరులో అప్పటికే వోల్టేజ్ పడిపోయి ఉంటుంది. ఫెండర్ మీద సోలినాయిడ్ పెట్టాక ఆ ఒక్క భాగం నయమైంది, మోటారుకి వెళ్ళే పెద్ద కరెంటు దారి మాత్రం అలాగే ఉంది.

మీటరుతో ఇలా కొలవండి. పింక్ వైరు పీకేసి ఉంచండి, ఎవరినైనా తాళం తిప్పమనండి. మీటర్ ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, క్లాంప్ మీద కాదు, ఆ సీసం పోస్టు మీదే, రెండో ముల్లు స్టార్టర్ పెద్ద స్టడ్ మీద. తిరుగుతున్నప్పుడు వచ్చే రీడింగే దారిలో పోయిన వోల్టేజ్, అర వోల్ట్ దాటకూడదు. తర్వాత ఒక ముల్లు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకోటి స్టార్టర్ బాడీ మీద, ఇది 0.3 దాటకూడదు. చివర్లో బ్యాటరీ పోస్టుల మధ్య, 9.6 కంటే కిందకి పడకపోతే బ్యాటరీ దోషం లేదు. సీసీఏ అంటే మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్లు ఇవ్వగలిగే యాంప్‌లు, టెక్సస్ జులైలో దాని గురించి బెంగ అక్కర్లేదు. పది సెకన్లకి మించి ఒకే దమ్ములో తిప్పకండి, మధ్యలో రెండు నిమిషాలు చల్లారనివ్వండి.

టర్బో_తమ్ముడు:

సరే సరే బ్యాటరీ మాట వెనక్కి తీసుకుంటున్నా 🙏 కానీ హెడర్ పక్కన స్టార్టర్ ఉంటే హీట్ షీల్డ్ వేయాలి కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేంటి

హ్యూస్టన్_క్వార్టర్‌మైల్:

వెయ్యాలి తమ్ముడూ, తప్పులేదు. మినీ స్టార్టర్‌కి ఉన్న పెద్ద లాభమే అది, చిన్నది కాబట్టి హెడర్ ట్యూబ్ నుంచి దూరం దొరుకుద్ది, కొన్నిటికి మౌంటింగ్ బ్లాక్ తిప్పుకునే వీలుంటుంది, సోలినాయిడ్‌ని బ్లాక్ వైపుకి తిప్పేసుకోవచ్చు. మధ్యలో అల్యూమినియం రేకు ఒకటి గాలి ఆడేట్టు పెట్టు చాలు. దుప్పటి చుట్టినట్టు మొత్తం చుట్టేస్తే మోటారు లోపల పుట్టిన వేడి కూడా బయటికి పోదు. నా లెక్కలో షీల్డ్ ఆఖరి పని. దారిలో రెండు వోల్టులు పోతుంటే రేకు పెట్టి ఏం లాభం.

నోవా, ఆ కీఁచ్ గురించి ఒకటి అడగాలి. ఫెండర్ సోలినాయిడ్ నుంచి స్టార్టర్‌కి ఒక్క పెద్ద కేబులే వస్తోందా? స్టార్టర్ మీద పెద్ద స్టడ్ నుంచి పక్కన చిన్న ఎస్ టెర్మినల్‌కి (స్టార్టర్ సొంత సోలినాయిడ్‌కి కరెంటు ఇచ్చేది) ఒక రేకు ముక్క జంపర్‌లా వేశావా?

నోవా72_ఫ్రిస్కో:

అవును అన్నా, రేకు ముక్కే. వీడియోలో అలాగే చూపించాడు. రెండో స్టార్టర్‌కి వేశా, మూడోదానికీ అదే మార్చి పెట్టా.

కేబుల్ మీద చూస్తే 4 గేజ్ అనే ఉంది. ఎర్త్ డిక్కీలో బాడీకే. ఫైర్‌వాల్ స్ట్రాప్ ఉంది కానీ నా చూపుడువేలంత లేదు. శనివారం అన్నీ కొలిచి చెప్తా.

హ్యూస్టన్_క్వార్టర్‌మైల్:

దొరికింది. పాత డెల్కో స్టార్టర్‌కి ఆ జంపర్ నడుస్తుంది, అందులో ఫీల్డ్ కాయిల్స్ ఉంటాయి, కరెంటు ఆపగానే మోటారు చచ్చిపోతుంది. నీ మూడోదాంట్లో పర్మనెంట్ మాగ్నెట్లు. తాళం వదిలాక కూడా ఆర్మేచర్ జోరు మీద తిరుగుతూనే ఉంటుంది, మాగ్నెట్ల మధ్య తిరిగే ఆర్మేచర్ అంటే డైనమోనే కదా, అది పుట్టించే కరెంటు ఆ రేకు ముక్క మీదుగా పోయి సోలినాయిడ్‌ని పట్టుకునే ఉంచుతుంది. బెండిక్స్ (ఇంజన్ పళ్ళకి పట్టుకునే స్టార్టర్ గేర్) వెనక్కి రాదు, ఇంజన్ దాన్ని వేసుకుని తిరుగుద్ది, కీఁచ్ అదే. ఎక్కువ రోజులు వదిలేస్తే బెండిక్స్ క్లచ్చు పోతుంది. జంపర్ తీసెయ్. పెద్ద కేబుల్ బ్యాటరీ నుంచి నేరుగా స్టార్టర్ పెద్ద స్టడ్‌కి, ఫెండర్ సోలినాయిడ్‌ని రిలేలా వాడి దాని అవుట్‌పుట్ నుంచి 10 గేజ్ వైరు ఒకటి విడిగా ఎస్ టెర్మినల్‌కి.

అలా చేశాక కూడా కీచు వస్తే అప్పుడు షిమ్ (సందు సర్దే పల్చటి రేకు) సంగతి చూద్దాం. గుర్తు పెట్టుకో, స్టార్ట్ అవ్వకముందు తిరుగుతున్నంతసేపూ కీచుమంటే పినియన్‌కీ (స్టార్టర్ గేర్) ఇంజన్ రింగ్ గేర్‌కీ మధ్య సందు ఎక్కువైనట్టు, స్టార్ట్ అయ్యి వదిలేటప్పుడు కీచుమంటే సందు తక్కువైనట్టు. తక్కువైతే స్టార్టర్‌కీ బ్లాక్‌కీ మధ్య షిమ్ వెయ్యాలి, ఎక్కువైతే ఉన్నది తీసెయ్యాలి.

నోవా72_ఫ్రిస్కో:

శనివారం రిపోర్టు. మామగారు హెల్పర్, కాదులెండి, నేను హెల్పర్.

గంట సేపు తిప్పి వేడెక్కించి ఆపి పింక్ వైరు పీకి కొట్టాం. ఖట్ సౌండ్ అసలు రాలేదు, కానీ మూలుగు ఉంది. అంటే రెండూ ఉన్నాయి. మీటర్ రీడింగులు: తిరుగుతున్నప్పుడు బ్యాటరీ పోస్టుల దగ్గర 11.0, పాజిటివ్ వైపు పోయింది 1.4 (మూర్తి గారూ మీ లెక్క దశాంశంతో సహా వచ్చింది, దండం), ఎర్త్ వైపు పోయింది 1.2. అంటే స్టార్టర్‌కి చేరింది 8.4 వోల్టులు. ఇన్నాళ్ళూ ఆ 8.4తో 11.2 కంప్రెషన్ తిప్పమని మూడు స్టార్టర్లని చావగొట్టా.

డిక్కీలో ఎర్త్ లగ్గు విప్పితే, నమ్మరు, లగ్గు కింద పెయింట్ చెక్కుచెదరలేదు. నల్లటి పెయింట్ మీద అలాగే బోల్టు బిగించేశారు. కరెంటంతా ఆ బోల్టు మరల్లోంచే వెళ్తోంది, బోల్టు తల చుట్టూ పెయింట్ గోధుమ రంగులోకి మారి బుడగలొచ్చి ఉంది. మామగారు ఏమీ అనలేదు, అది నా కళ్ళ ముందు పెట్టి జేబులోంచి ఎమరీ పేపర్ తీశారు. గుంటూరు నుంచి ఎమరీ పేపర్ జేబులో పెట్టుకుని వచ్చారా అని మా ఆవిడ అడిగితే గ్యారేజ్‌లో బల్ల మీదదే అన్నారు.

పాజిటివ్‌కీ ఎర్త్‌కీ రెండిటికీ 1/0 వెల్డింగ్ కేబుల్ కొన్నా. ఎర్త్ కేబుల్‌ని బాడీతో ఆపకుండా ముందుదాకా లాగి స్టార్టర్ దగ్గర్లోనే బ్లాక్‌కి బిగించా, బాడీకి వేరే స్ట్రాప్, సబ్‌ఫ్రేమ్‌కి ఇంకోటి. లగ్గులు సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ క్రింపర్ అద్దెకి తెచ్చి వత్తా. జంపర్ తీసేసి ఎస్‌కి విడి వైరు వేశా. ఇప్పుడు పాజిటివ్ వైపు 0.5, ఎర్త్ వైపు 0.2, స్టార్టర్ దగ్గర 10 దాటింది. కీఁచ్ మొదటి స్టార్ట్‌కే మాయం.

ఖట్ ఒక్కటే మిగిలింది. ముందుకంటే తక్కువే కానీ పూర్తిగా పోలేదు. ఇనీషియల్ తగ్గిస్తే ఐడిల్ పడిపోతుంది అంటున్నారు కదా షాపు వాళ్ళు, ఏం చేయాలి?

కాస్ట్‌ఐరన్_350:

లగ్గు కింద పెయింట్ 😭😭 ఫోటో ఉంటే పెట్టండి, ఫ్రేమ్ కట్టించుకుంటా

హ్యూస్టన్_క్వార్టర్‌మైల్:

మూడు దారులున్నాయి. రేసు బళ్ళల్లో మేం ఇగ్నిషన్‌కి వేరే స్విచ్, స్టార్టర్‌కి వేరే బటన్ పెడతాం, ముందు బటన్ నొక్కి ఇంజన్ గిర్రున తిరిగాక ఇగ్నిషన్ ఆన్ చేస్తాం, అప్పటికే జోరు ఉంటుంది కాబట్టి తన్నదు. రోజూ నడిపే బండికి అది చిరాకు, ఇంకెవరైనా నడిపితే మర్చిపోతారు. రెండోది స్టార్ట్ రిటార్డ్ ఉన్న ఇగ్నిషన్ బాక్స్, తిప్పేటప్పుడు టైమింగ్‌ని అదే వెనక్కి లాగి స్టార్ట్ అయ్యాక ముందుకి తెస్తుంది. హాయిగా ఉంటుంది, డబ్బులే.

నీకు నేను చెప్పేది మూడోది, దాదాపు ఫ్రీ. షాపు వాళ్ళు మూతి బిగించిన వాక్యూమ్ అడ్వాన్స్ ఉంది చూడు, దాన్ని మళ్ళీ బతికించు. ఇనీషియల్ 14కి తగ్గించు. డిస్ట్రిబ్యూటర్‌లో స్పీడుతో పాటు టైమింగ్ పెంచే వెయిట్లు ఇప్పుడు 16 డిగ్రీలు ఇస్తున్నాయి, వాటిని 22కి పెంచుకో, టోటల్ మళ్ళీ 36కే వస్తుంది, పవర్ ఎక్కడికీ పోదు. ఇప్పుడు వాక్యూమ్ గొట్టాన్ని నేరుగా మానిఫోల్డ్ (ఇంజన్ గాలి పీల్చే గొట్టాలు) వాక్యూమ్‌కి తగిలించు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మానిఫోల్డ్‌లో చెప్పుకోదగ్గ వాక్యూమ్ ఉండదు, కాబట్టి ఇంజన్‌కి అందేది 14 డిగ్రీలే, తన్నదు. అంటుకుని ఐడిల్‌లోకి రాగానే వాక్యూమ్ వచ్చి ఇంకో పది డిగ్రీలు కలుపుతుంది, నీ క్యామ్ అడిగేది కూడా అదే, ఐడిల్ ఇంకా బాగుంటుంది. ఒక్క జాగ్రత్త, పెద్ద క్యామ్‌కి ఐడిల్ వాక్యూమ్ తక్కువ ఉంటుంది. గేజ్ పెట్టి చూసుకో, నీకొచ్చేదానికంటే ఓ రెండు అంగుళాలు తక్కువలోనే పూర్తిగా లాగే క్యానిస్టర్ (వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా) తీసుకో, లేకపోతే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా టైమింగ్ ఊగుతుంది.

ఇంకో మాట, డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి రేసు ట్రాక్) వెళ్ళే ఆలోచన ఉంటే, బ్యాటరీ డిక్కీకి మార్చిన బండికి వెనక బయట కటాఫ్ స్విచ్ ఉండాలని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసుల సంఘం) రూలు, అది నొక్కితే నడుస్తున్న ఇంజన్ కూడా ఆగిపోవాలి. ఎలాగూ కేబుల్ మార్చావు కాబట్టి ఇప్పుడే పెట్టేసుకో.

ఆటోనగర్_ఎలక్ట్రిక్:

మీ మామగారికి నా నమస్కారం చెప్పండి బాబూ. ఏ డిపో ఆయనది?

నోవా72_ఫ్రిస్కో:

తెనాలి డిపో అండి. మీ మెసేజ్‌లు చదివి వినిపించా, ఆ నీళ్ళ ట్యాంకు మాటకి తెగ నవ్వారు.

ఆఖరి అప్‌డేట్. ఐడిల్ వాక్యూమ్ 11 అంగుళాలు వచ్చింది, 9 లోపే పూర్తిగా లాగే క్యానిస్టర్ తెప్పించి వేశా, ఇనీషియల్ 14. వెనక బ్రాకెట్ ఒకటి జంక్ యార్డ్‌లో పాత ట్రక్కు నుంచి పీక్కొచ్చి కాస్త వంచి బిగించా. నిన్న మధ్యాహ్నం 102లో గంటన్నర తిప్పి అదే గ్యాస్ స్టేషన్‌లో కావాలనే ఆపా. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, పదిహేను నిమిషాలు, మూడుసార్లు కొట్టా, మూడుసార్లూ రెండు రౌండ్లలో అందుకుంది, ఖట్ లేదు, మూలుగు లేదు, కీఁచ్ లేదు. అత్తగారు మాత్రం రాలేదు, మీరు వెళ్ళిరండి అన్నారు.

పాత రెండు స్టార్టర్లూ ఆటోనగర్ అన్న చెప్పినట్టు విప్పి చూశాం, ఆర్మేచర్ల మీద గీత కూడా లేదు, బ్రష్షులు అరగకుండా నిండుగా ఉన్నాయి. కోర్ డిపాజిట్ (పాతది తిరిగిస్తే వెనక్కిచ్చే డబ్బు) గడువు ఎప్పుడో అయిపోయింది. డాలస్ చుట్టుపక్కల 168 పళ్ళ ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్ వెనక స్టార్టర్ తిప్పే పళ్ళ చక్రం) ఉన్న స్మాల్ బ్లాక్ ఎవరి దగ్గరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, వచ్చి తీసుకెళ్ళండి, కాఫీ నా ఖర్చు.